కొత్త రైఫిల్ ఇంకా రాలేదు, డిపాజిట్ కట్టాలా? ఫ్రిస్కో తమ్ముడి ఉత్తరానికి జవాబు

ముందు ఉత్తరం, కాస్త కుదించి వేస్తున్నా:

"అన్నా, నేను టెక్సాస్ వచ్చి తొమ్మిదేళ్ళు. జనవరిలో వేగాస్‌లో జరిగిన తుపాకీల ప్రదర్శన, షాట్ షోలో చూపించిన ఒక కొత్త 5.56 (తూటా సైజు) సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మీద మనసు పడింది. ఏప్రిల్‌లో వస్తుందన్నారు, తర్వాత ఆగస్టన్నారు, ఇప్పుడు ఇయర్ ఎండ్ అంటున్నారు. షాపతను 200 డాలర్లు డిపాజిట్ కడితే మొదటి లాట్‌లో నీకే ఇస్తా అంటున్నాడు. కట్టాలా? వచ్చాక అది మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి? లేక ఫ్రెండ్స్ అన్నట్టు మామూలు ఏఆర్-15 రైఫిల్ కొనేసుకోనా? నాకింకా గ్రీన్ కార్డ్ రాలేదు, హెచ్-1బి మీదే ఉన్నా, అందుకని మా ఫ్రెండ్ ఒకడు సిటిజన్, వాడి పేరు మీద తీసుకుని నాకిస్తానన్నాడు, డబ్బులు నేనే ఇస్తా. మా ఆవిడకి ఇంట్లో తుపాకీ అంటే భయం. ఇద్దరు పిల్లలు, ఎనిమిదేళ్ళు, ఐదేళ్ళు. డిసెంబర్‌లో ఇండియా వెళ్తున్నాం, ఈలోపే తేల్చేద్దామని."

తమ్ముడూ, నువ్వు రైఫిల్ గురించి పేజీన్నర రాసి ఫ్రెండ్ పేరు మీద కొనే విషయం ఒక్క లైన్‌లో దాటేశావు చూడు, నాకు నిద్ర పట్టనిది ఆ లైన్ దగ్గరే. రైఫిల్ సంగతి వివరంగా చెప్తాను, కానీ ముందు ఇది విను.

హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4, ఈ వీసాల్లో దేని మీద ఉన్నా అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. 1998 నుంచి ఉన్న రూల్ ఇది. టెక్సాస్‌లో ఎవడైనా కొనుక్కోవచ్చు అనే మాట మన పార్టీల్లో బాగా తిరుగుతుంది గానీ అది స్టేట్ సంగతి, ఫెడరల్ చట్టం ఏ స్టేట్‌లో ఉన్నా వర్తిస్తుంది. ఇంకోటి చాలామందికి తెలియదు, ఆఫీసు టీమ్ అంతా కలిసి వీకెండ్ షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి అక్కడ గన్ రెంట్‌కి తీసుకుని కాల్చి ఫొటో దిగడం కూడా ఇందులోకే వస్తుంది, అరగంట చేతిలో పట్టుకున్నా పట్టుకున్నట్టే లెక్క. ఎన్ని వందల మంది మనవాళ్ళు అలా ఫొటోలు పెట్టి ఉంటారో తలుచుకుంటే గుండె దడ పుడుతుంది నాకు.

ఇక ఫ్రెండ్ పేరు మీద కొనడం. షాపులో కొనేటప్పుడు ఫారం 4473 అని ఒకటి నింపాలి, దాని మీద అసలు కొనేది నువ్వేనా అని అడుగుతారు. నీ డబ్బులు తీసుకుని నీ కోసం కొంటూ వాడు అవును అని టిక్ పెడితే అది అబద్ధం, దాన్నే స్ట్రా పర్చేజ్ అంటారు. 2014లో అబ్రామ్‌స్కీ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, డబ్బులిచ్చినవాడు, కొనిపెట్టినవాడు ఇద్దరికీ తుపాకీ కొనే అర్హత ఉన్నా సరే, ఒకరి కోసం ఇంకొకరు అలా సంతకం పెట్టడం నేరమే అని. ఆ కేసులో ఒకాయన తన బంధువు కోసం పిస్టల్ కొన్నాడు, అంతే. నీ విషయంలో నీకు అర్హతే లేదు. 2022లో చట్టం ఇంకా గట్టిగా మార్చారు, స్ట్రా పర్చేజ్‌కి 15 ఏళ్ళ దాకా జైలు, అర్హత లేనివాడు దగ్గర పెట్టుకుంటే అదీ 15 ఏళ్ళ దాకా. నీ ఫ్రెండ్ మంచితనంతోనే అన్నాడు, నాకు అనుమానం లేదు, కానీ వాడి కాపురం, నీ కాపురం రెండూ దీనికి ముడిపడతాయి. జైలు మాట పక్కన పెట్టు, తుపాకీ కేసులో దోషి అని తేలితే ఇమిగ్రేషన్ వాళ్ళు దేశం నుంచి పంపించేయడానికి అదే చాలు. తొమ్మిదేళ్ళు క్యూలో నిలబడ్డావు, ఇప్పుడు దీనికోసమా?

మరి దారి లేదా అంటే ఒకటి ఉంది. ఆ చట్టంలోనే మినహాయింపు రాశారు, అమెరికాలో ఏదైనా స్టేట్ ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే వీసా మీద ఉన్నవాళ్ళు కూడా తుపాకీ తీసుకోవచ్చు. టెక్సాస్‌లో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ ఇస్తుంది, ఇక్కడ ఆర్నెల్ల పైన ఉంటున్నవాళ్ళకి మామూలు లైసెన్స్ 25 డాలర్లు. 1971 సెప్టెంబర్ 2, ఆ తర్వాత పుట్టినవాళ్ళందరికీ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి, 17 ఏళ్ళు దాటితే ఆన్‌లైన్‌లోనే చేసేయొచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది, టెక్సాస్ ఏడాది లైసెన్స్ నువ్వు ఏ నెలలో తీసుకున్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1 పొద్దున లేచేసరికి రెన్యూ చెయ్యకుండా బీరువాలో రైఫిల్ ఉందంటే నువ్వు తప్పు చేసినట్టే, నీకు గుర్తు లేకపోయినా. నేను లాయర్ని కాదు, అందుకని ఈ పని మొదలుపెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక గంట ఫీజు కట్టి నీ కాగితాలు చూపించి అడుగు, రైఫిల్‌కి పెట్టే డబ్బుతో పోలిస్తే అది తక్కువే. ఫ్రెండ్‌కి ఈ రోజే ఫోన్ చేసి వద్దురా అని చెప్పెయ్.

అది అయ్యాక, ఇప్పుడు నీ అసలు ప్రశ్న.

డిపాజిట్ కట్టొద్దు. మన పెద్దవాళ్ళు ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అనేవాళ్ళు కదా, రేటు తేలని, తేదీ తేలని, షాపతను కూడా చేత్తో పట్టుకుని చూడని వస్తువుకి నువ్వు డబ్బులిచ్చి పేరు పెట్టుకుంటున్నావు. షాట్ షో అనేది వ్యాపారస్తుల కోసం జరిగేది, అక్కడ బల్ల మీద పెట్టేవి చాలాసార్లు నమూనాలే, ఫ్యాక్టరీలో లైన్ మీద వరసగా తయారైనవి కావు. ఒక్కటి చేత్తో అరగదీసి బాగా చెయ్యడం వేరు, అలాంటివే పది వేలు ఒకే కొలతలో తియ్యడం వేరు. తేదీలు వెనక్కి జరిగేది అక్కడే. అచ్చులు, వేడి చేసి గట్టిపరిచే పని, సప్లయర్ల స్ప్రింగులు, ఒక్కోటి ఒక్కో చోట ఆగుతుంది. కాబట్టి తేదీ జరిగిందని కంపెనీని తిట్టుకోకు, హడావుడిగా వదిలేసిన దానికన్నా ఆగి వదిలింది ఎప్పుడూ మేలు.

దీనికి అందరికీ గుర్తుండే ఉదాహరణ ఒకటి చెప్తా. 2007 షాట్ షోలో మ్యాగ్‌పుల్ వాళ్ళు మసాడా అని ఒక రైఫిల్ చూపించారు. జనం వెర్రెక్కిపోయారు, బ్యారెల్ చేత్తోనే మార్చేసుకోవచ్చు, క్యాలిబర్ అంటే తూటా సైజు కూడా మార్చుకోవచ్చు, రేటు 1,500 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది అని మాటలు. 2008లో అది తయారుచేసే హక్కు బుష్‌మాస్టర్‌కి వెళ్ళింది, పేరు ఏసీఆర్ అయింది, చివరికి 2010లో బయటికొచ్చేసరికి రేటు 2,600 దాటింది, బరువు పెరిగింది, బ్యారెల్ ట్విస్ట్ (లోపలి గాడి మెలిక) జనం అడిగింది కాకుండా వేరేది పెట్టారు. అదే ఏడాది అక్టోబర్‌లో రీకాల్, ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే వరసగా ఒకటికన్నా ఎక్కువ రౌండ్లు (తూటాలు) పేలే ప్రమాదం ఉందని. క్యాలిబర్ మార్చే కిట్ల కోసం ఏళ్ళ తరబడి ఎదురు చూసినవాళ్ళున్నారు. ఆ పైన బుష్‌మాస్టర్‌ని నడిపించే రెమింగ్టన్ గ్రూపే 2018లో ఒకసారి, 2020లో ఇంకోసారి దివాలా తీసి ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోయింది. మొదటి రోజు పోస్టర్ చూసి మనసు పడినవాడు మూడేళ్ళు ఆగి, వెయ్యి డాలర్లు ఎక్కువిచ్చి, కొన్న నెలల్లో దాన్ని డబ్బాలో పెట్టి వెనక్కి పంపాడన్నమాట. యూటా కంపెనీ డెజర్ట్ టెక్ వాళ్ళ ఎండీఆర్ కూడా అంతే, 2014 జనవరిలో చూపించారు, జనం చేతికి వచ్చేసరికి 2017. రైఫిలే కాదు, రూగర్ మార్క్ 4 పిస్టల్ 2016 సెప్టెంబర్‌లో వచ్చింది, 2017 జూన్‌లో రీకాల్. అది పాత పేరున్న కంపెనీ, ముందు మోడళ్ళు దశాబ్దాలుగా తీసినవాళ్ళు, తప్పు ఒప్పుకుని బాగు చేసి ఇచ్చారు కూడా, అయినా మొదటి తొమ్మిది నెలల్లో కొన్నవాళ్ళు టెస్టింగ్ మనుషులయ్యారు.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. నీ పిల్లల కారు సీట్లో తప్పుంటే, ఇంట్లో మిక్సీలో తప్పుంటే ప్రభుత్వం కంపెనీ మెడ మీద కూర్చుని రీకాల్ చేయించగలదు. తుపాకీల విషయంలో కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్‌కి ఆ అధికారం లేదు, 1970లలోనే చట్టంలోంచి తీసి పక్కన పెట్టేశారు. కంపెనీ తనంతట తాను రీకాల్ చేస్తేనే చేసినట్టు. అందుకే కొత్త మోడల్‌కి ఏడాది టైమ్ ఇవ్వమని నేను అందరికీ చెప్తా. ఆ ఏడాదిలో కాల్చేవాళ్ళు కాలుస్తారు, విరిగేవి విరుగుతాయి, కంపెనీ చడీచప్పుడు లేకుండా ఒక స్ప్రింగ్ మార్చేస్తుంది, ఎక్స్‌ట్రాక్టర్ (పేలిన తూటా గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం) మారుస్తుంది, రెండో ఏడు వచ్చే రైఫిల్ అదే పేరుతో వేరే రైఫిల్.

నా సంగతి ఒకటి చెప్తా. చాలా ఏళ్ళ క్రితం, కంపెనీ పేరు వద్దులే, నేనూ నీలాగే పద్నాలుగు నెలలు ఎదురుచూసి మొదటి లాట్‌లో కొన్నా. మొదటి రెండు మ్యాగజైన్లు (తూటాలు నింపే పెట్టెలు) వెన్నలా కాలాయి, మూడో దాంట్లో ఖాళీ కేస్ (పేలాక మిగిలే తూటా గొట్టం) చాంబర్‌లో, అంటే తూటా కూర్చునే చోట, ఇరుక్కుపోయింది, రాడ్ పెట్టి తోస్తే గానీ రాలేదు. ఆ రోజు ఆరుసార్లు అంతే. కంపెనీకి పంపితే పదకొండు వారాలు. తిరిగొచ్చాక ఇరుక్కోవడం తగ్గింది గానీ దాని మ్యాగజైన్ దానిదే, వేరేది పట్టదు, స్పేర్ మ్యాగజైన్లు ఏడాది వరకు మార్కెట్లోకే రాలేదు. ఒక్క మ్యాగజైన్‌తో నింపుకుంటూ కాల్చుకుంటూ కూర్చున్నా. చివరికి కొన్నదాంట్లో మూడో వంతు పోగొట్టుకుని అమ్మేశా. నాకు బాధ కలిగించింది డబ్బు కాదు, ఆ పద్నాలుగు నెలలు నేను ఒక్క రోజు కూడా సరిగ్గా కాల్చడం నేర్చుకోలేదు, ఊరికే వీడియోలు చూస్తూ గడిపేశా.

అందుకే వీడియోల గురించి చెప్తాను. రైఫిల్ బయటికి రాగానే వచ్చే మొదటి రివ్యూలు చాలావరకు కంపెనీ పంపిన రైఫిల్‌తో, కంపెనీ రేంజ్‌లో, కంపెనీ ఇచ్చిన తూటాలతో చేసినవి. వాళ్ళు అబద్ధం చెప్తున్నారని అనను, వాళ్ళకి దొరికింది అంతే. నువ్వు వెతకాల్సింది సొంత డబ్బుతో షాపులో కొన్నవాడిని, వెయ్యి రౌండ్లు దాటినవాడిని, ఎన్నో రౌండ్ దగ్గర ఏ తూటాతో ఏం ఆగిందో లెక్క రాసుకున్నవాడిని. అసలు ఆగలేదు అన్నవాడి కన్నా 1,200 రౌండ్లలో నాలుగుసార్లు ఆగింది, మూడు ఒకే మ్యాగజైన్‌తో అని చెప్పినవాడి మాట నీకు పనికొస్తుంది.

అలాగే యాక్యురసీ గురించి. సబ్-ఎంఓఏ గ్యారంటీ అని రాస్తారు, అంటే 100 గజాల దగ్గర తూటాలన్నీ సుమారు అంగుళం లోపల పడతాయని. ఎన్ని తూటాలు అని చూడు. మూడు తూటాల గ్రూప్ అంగుళం లోపల రావడం పెద్ద విషయం కాదు, అదే రైఫిల్‌తో పది కాల్చు, గ్రూప్ పెద్దదవుతుంది, అందులో రైఫిల్ తప్పేం లేదు, మూడుతో తెలియని నిజం పదితో తెలుస్తుంది అంతే. పది తూటాలకి రెండంగుళాల్లోపు ఇస్తే మామూలు సెమీ ఆటోమేటిక్‌కి అది చక్కటి పనితనం అని నా అభిప్రాయం.

స్పెక్ షీట్‌లో ఏం చూడాలో కూడా చెప్తా, ఎందుకంటే నువ్వు పంపిన ఫొటోలో నువ్వు గీత గీసినవన్నీ రంగు, రెయిల్ (స్కోప్ లాంటివి బిగించే పట్టీ), మజిల్ డివైస్ (బ్యారెల్ మూతికి బిగించేది) లాంటివే, అవి తర్వాత అయినా మార్చుకోవచ్చు. చాంబర్ ఏదో చూడు, బ్యారెల్ మీద 5.56 అని ఉంటే 5.56, .223 రెండూ కాల్చుకోవచ్చు, ఒట్టి .223 అని మాత్రమే ఉంటే 5.56 వెయ్యకూడదు, ప్రెషర్ ఎక్కువవుతుంది. ట్విస్ట్ చూడు, 1:7 అంటే ఏడంగుళాలకి తూటా ఒక చుట్టు తిరుగుతుందని, 77 గ్రెయిన్ (తూటా తూకం కొలత) లాంటి బరువు తూటాలకి 1:7 గానీ 1:8 గానీ కావాలి, 1:9 అయితే 55 గ్రెయిన్ లాంటి తేలికవాటికి సరిపోతుంది. నువ్వు కాల్చేది చవక 55 గ్రెయిన్ అయితే ఏదైనా నీకు ఒకటే. బరువు రాసేటప్పుడు మ్యాగజైన్ లేకుండా, స్కోప్ లేకుండా రాస్తారు, నిండిన 30 రౌండ్ల మ్యాగజైనే ఒక పౌండు ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, మ్యాగజైన్ ఏఆర్-15దే పడుతుందా లేక సొంతదా? బోల్ట్ (తూటాని వెనక నుంచి మూసి పట్టే భాగం), ఎక్స్‌ట్రాక్టర్, ఫైరింగ్ పిన్ (తూటాని పేల్చే సూది), ఇవి విడిగా ఈ రోజు కొనుక్కోడానికి దొరుకుతున్నాయా? దొరకకపోతే రైఫిల్ వచ్చినా రానట్టే లెక్కపెట్టుకో. మన ఊళ్ళో బండి కొనేటప్పుడు పార్ట్స్ ఎక్కడ దొరుకుతాయి, మెకానిక్ ఎవరు అని అడిగే నాన్నల పద్ధతి ఉంది చూడు, అదే ఇక్కడా.

నీది బుల్‌పప్ కాబట్టి, అంటే మ్యాగజైన్ ట్రిగ్గర్ వెనకాల ఉండే రకం, ఇంకో రెండు చూడాలి. ట్రిగ్గర్‌కీ వెనకున్న హ్యామర్‌కీ (ఫైరింగ్ పిన్‌ని కొట్టే సుత్తికీ) మధ్య పొడుగాటి లింకు ఉంటుంది, దానివల్ల నొక్కుడు మెత్తగా జిగటగా అనిపిస్తుంది, ఫొటోలో ఇది తెలియదు. రెండోది నువ్వు ఎడమచేతి వాటం అని రాశావు, ఖాళీ కేస్ ఏ వైపు వస్తుంది, నీ చెంపకి తగులుతుందా అన్నది చేత్తో పట్టి కాలిస్తేనే తేలుతుంది.

ఇక వచ్చాక ఎలా పరీక్షించాలి. ఇది రెండేళ్ళ తర్వాత చదువుకున్నా పనికొస్తుంది, దాచుకో. ముందు మాన్యువల్ మొత్తం చదివి, ఖాళీగా ఉందని కంటితో, వేలితో రెండుసార్లు చూసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టి, ఫంక్షన్ చెక్ చెయ్యాలి. సేఫ్టీ పెట్టి ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ పడకూడదు. సేఫ్టీ తీసి నొక్కితే పడాలి. నొక్కి పట్టుకునే బోల్ట్ వెనక్కి లాగి వదిలి, అప్పుడు ట్రిగ్గర్ మెల్లగా వదిలితే క్లిక్ అని రీసెట్ వినిపించాలి, మళ్ళీ నొక్కితేనే పడాలి. ఇందులో ఏది తేడా వచ్చినా రేంజ్‌కి తీసుకెళ్ళొద్దు, నేరుగా కంపెనీకే. రేంజ్‌లో మొదటి మ్యాగజైన్‌లో ఒక్క రౌండే వెయ్యి, తర్వాత రెండు, తర్వాత ఐదు. ఒక్క నొక్కుకి రెండు పేలాయంటే అక్కడితో ఆపెయ్, రైఫిల్ కింద పెట్టి రేంజ్ ఆఫీసర్‌ని పిలువు. అది సరదా కాదు, ఏసీఆర్ రీకాల్ అయిందే దానికి.

అన్నీ బాగుంటే మూడు నాలుగు రకాల తూటాలు, రకానికి యాభై చొప్పున. ఎందుకంటే సెమీ ఆటోమేటిక్ అనేది కాలే గ్యాస్ బలంతో తనను తాను లోడ్ చేసుకునే మిషన్, తూటాలో మందు మారితే దాని నడక మారుతుంది. దీనికి పెద్ద పాఠం వియత్నాంలో ఉంది. యూజీన్ స్టోనర్ డిజైన్ చేసిన అమెరికా సైన్యం రైఫిల్ ఎం16ని ఒక రకం మందుతో పరీక్షించి, సైన్యానికి ఇచ్చేటప్పుడు తూటాలో బాల్ పౌడర్ అనే వేరే రకానికి మార్చారు, కాల్చే వేగం పెరిగి మసి ఎక్కువైంది, చాంబర్‌కి క్రోమ్ పూత లేదు, పైగా శుభ్రం చేసుకునే కిట్లు సరిగ్గా ఇవ్వలేదు. కుర్రాళ్ళు యుద్ధంలో ఇరుక్కున్న కేస్‌ని రాడ్‌తో పొడుస్తూ చనిపోయారు. 1967లో కాంగ్రెస్ కమిటీ విచారణ చేసింది, తర్వాత ఎం16ఏ1లో చాంబర్‌కి క్రోమ్ వేశారు, అదే రైఫిల్ వంశం ఇప్పటికీ నడుస్తోంది. మన సైన్యం ఇన్సాస్ రైఫిల్‌కి కూడా 1999 కార్గిల్ చలిలో ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగులుతున్నాయని ఫిర్యాదులొచ్చాయి కదా. రైఫిల్ బాగుండడం అంటే అది, దాని తూటా, దాని మ్యాగజైన్ మూడూ కలిసి బాగుండడం.

కాల్చాక ఖాళీ కేస్‌లు ఏరుకుని చూడు, చాలామంది తొక్కుకుంటూ వెళ్ళిపోతారు గానీ రైఫిల్ జాతకం అంతా అందులోనే ఉంటుంది. అంచు చిరిగినట్టు ఉంటే ఎక్స్‌ట్రాక్షన్ బలవంతంగా జరుగుతోంది, ప్రైమర్ (కేస్ అడుగున పిన్ కొట్టే చోటు) మీద గుంట మరీ తేలికగా ఉంటే ఫైరింగ్ పిన్ గట్టిగా తగలట్లేదు, పొట్ట ఉబ్బి ఉంటే ఇంక కాల్చొద్దు. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, తూటా రకం, మ్యాగజైన్ నంబర్, ఎక్కడ ఆగింది రాసుకో. మ్యాగజైన్ల మీద మార్కర్‌తో 1, 2, 3 అని వేస్తే తప్పు రైఫిల్‌దా మ్యాగజైన్‌దా అన్నది రెండో రోజుకే తెలిసిపోతుంది. 500 రౌండ్లకి మంచి రైఫిల్ ఏదో తెలుస్తుంది. రౌండు అర డాలరు వేసుకున్నా అది 250 డాలర్లు, రైఫిల్ రేటులోనే ఇది కూడా కలిపి లెక్కేసుకో. దాంతోపాటు టాక్స్ 8.25 శాతం దాకా, స్కోప్, మ్యాగజైన్లు, సేఫ్, శిక్షణ. 1,800 అనుకున్న రైఫిల్ ఇంట్లోకి వచ్చేసరికి 3,000 దాటుతుంది, ఇది ఇంటావిడకి ముందే చెప్పాలి.

ఏఆర్-15 కొనేసుకోనా అని అడిగావు. మొదటి రైఫిల్‌గా నా మాట అదే, అవును. 1964 నుంచి కోల్ట్ వాళ్ళు మామూలు జనానికి అమ్మిన డిజైన్, పేటెంట్లు ఎప్పుడో అయిపోయాయి, డజన్ల కంపెనీలు చేస్తున్నాయి, చాలా పార్టులు ఒకదానివి ఒకదానికి పడతాయి, నేర్పేవాళ్ళు వీధికొకరు. అందులో కొత్తదనం ఏమీ లేదు, అదే దాని గొప్ప. నిజానికి ఇంకా ముందు ఒక .22 రైఫిల్, రూగర్ 10/22 లాంటిది కొంటే ఇంకా సంతోషిస్తా, అది కూడా సెమీ ఆటోమేటిక్కే, 1964 నుంచే ఉంది, తూటా చవక, భుజానికి తన్నదు, మీ ఆవిడ కూడా భయం లేకుండా నేర్చుకోగలదు. ఏదైనా సరే లైసెన్స్, లాయర్ మాట అయ్యాకే, ఆమె కూడా వీసా మీదే ఉంటే ఆమెకీ అదే రూల్. అప్పుడు రేంజ్‌లో రెంట్‌కి తీసుకుని నాలుగు రకాలు కాల్చి చూడు. నువ్వు ఎదురుచూసే ఆ బుల్‌పప్ ఏడాది తర్వాత ఎక్కడైనా రెంట్‌కి వస్తే ముందు అక్కడే ఒక వంద రౌండ్లు కాల్చు, అప్పటికీ మనసు అక్కడే ఉంటే రెండో రైఫిల్‌గా కొనుక్కో, నేనే వచ్చి పక్కన నిలబడతా.

కన్సల్టింగ్ ఉద్యోగం అన్నావు కాబట్టి ఇంకోటి. ప్రాజెక్ట్ మారి న్యూజెర్సీకో కాలిఫోర్నియాకో వెళ్ళాల్సొస్తే టెక్సాస్‌లో కొన్నది అక్కడికి తీసుకెళ్ళలేకపోవచ్చు. ఆ రెండు చోట్లా మ్యాగజైన్ పదికి మించకూడదు, న్యూజెర్సీలో రైఫిల్ కొనాలంటేనే పోలీసుల దగ్గర ఐడీ కార్డు తీసుకోవాలి, పైగా రెండు చోట్లా చాలా సెమీ ఆటోమేటిక్ మోడళ్ళ మీద నిషేధం ఉంది. ఇల్లు కొని స్థిరపడ్డాక కొనేవాడికీ, ఏడాదికోసారి యూహాల్ (సామాన్లు మోసే అద్దె ట్రక్) ఎక్కేవాడికీ ఒకే సలహా ఇవ్వలేను.

మీ ఆవిడ భయాన్ని మాత్రం తీసి పారెయ్యకు. ఆమె భయపడేది న్యాయమే, ఐదేళ్ళ పిల్లాడు ఉన్న ఇల్లు అది. పిల్లలకి తెలియదులే, పైన అరలో పెట్టాలే అనుకుంటారు, ఐదేళ్ళ పిల్లాడు కుర్చీ వేసుకుని ఎక్కి జీడిపప్పు డబ్బా ఎక్కడున్నా తీస్తాడు కదా. టెక్సాస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకి లోడ్ చేసి ఉన్న తుపాకీ అందేలా వదిలేస్తే పెద్దవాళ్ళ మీద కేసు. సేఫ్ ముందు కొను, నేలకి బోల్టు వేయించు, తూటాలు వేరే పెట్టెలో వేరే తాళంతో. సేఫ్ ఇంట్లోకి వచ్చి నెల గడిచాక, ఆమె సరే అన్నాక రైఫిల్. ఆమె వద్దంటే ఆగు. పిల్లలు మీ ఇద్దరివీ, ఆ మాటకి ఇంట్లో అంత బరువు ఉండాలి.

కాబట్టి డిసెంబర్ లోపల తేల్చాల్సింది ఏమీ లేదు. ఇండియా వెళ్ళి హాయిగా అమ్మానాన్నలతో గడిపి రా. వచ్చాక జనవరిలో లాయర్‌ని కలువు, ఆయన సరేనంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సులో చేరు, ఆ నెలలోనే మళ్ళీ షాట్ షో వస్తుంది, అప్పటికి నీ రైఫిల్ బయటికి వచ్చిందో లేదో, వస్తే ఎవరేం అంటున్నారో కూడా కాస్త తెలుస్తుంది. ఇంకో సంగతి, తర్వాతెప్పుడైనా నువ్వు రేంజ్‌కి వెళ్ళడం మొదలుపెడితే ఆ బ్యాగ్‌ని ప్రయాణాలకి వాడొద్దు. జేబు మడతలో ఒక్క తూటా మర్చిపోయినా శంషాబాద్‌లో స్కానర్ కింద అది కనపడుతుంది, అక్కడ ఆయుధాల చట్టం 1959 కింద కేసు రాస్తారు, పొరపాటున వచ్చింది సార్ అని చెప్పుకునేసరికి ఫ్లయిట్ పోతుంది. రేంజ్ బ్యాగ్‌కి ఎర్ర రిబ్బన్ కట్టి గ్యారేజ్‌లోనే ఉంచు, సూట్‌కేసుల దగ్గరికి రానివ్వకు.